ఏఐ కోర్సుకు ఫీజు కట్టే ముందు మీవాడి పక్కన ఓ గంట కూర్చోండి

ప్రశ్న: మాది నర్సంపేట. మా అబ్బాయి హన్మకొండలో బీటెక్ పూర్తి చేసి, ఇంట్లోనే లినక్స్, సర్వర్ల పని నేర్చుకుంటున్నాడు. మొన్న ‘సర్వర్ నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్స్ కమాండ్‌తో చదవడం వచ్చింది’ అని తెగ సంబరపడ్డాడు. మా తోడల్లుడి కొడుకు అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేస్తున్నాడు. మావాణ్నీ లక్షన్నర కట్టి చేర్చమంటారా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, తోడల్లుడు మాత్రం ఉంటాడు. పిల్లాడు ఖాళీగా ఉన్నాడని నలుగురూ అనుకుంటారేమో అన్నదే మీ అసలు టెన్షన్. వాడు ఖాళీగా లేడండీ.

వాడు నేర్చుకునే పని ఎలాంటిదో చూడండి. సర్వర్లలో బీఎంసీ అనే చిన్న కంట్రోలర్ విడిగా ఉంటుంది, దూరం నుంచి సర్వర్‌ను చూసుకోవడానికి. సర్వర్ ఆఫ్ చేసినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. ‘ఐపీఎంఐటూల్ ల్యాన్ ప్రింట్ 1’ అని కొడితే దాని సెట్టింగ్స్ వరసగా వస్తాయి: ఐపీ అడ్రస్, అది డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు తనంతట తాను పంచే ఏర్పాటు) ఇచ్చిందా, మనిషి పెట్టిందా, సబ్‌నెట్ మాస్క్ (ఆ నెట్‌వర్క్ హద్దు), మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత నంబరు), గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు దారి). గేట్‌వే దగ్గర 0.0.0.0 కనిపిస్తే, అంటే ఆ దారి పెట్టకపోతే, బీఎంసీ అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకు అందుతుంది, బయటివాళ్లకు అందదు. ‘ప్రింట్’ చదివి ఊరుకుంటుంది. ‘సెట్’ మార్చేస్తుంది. దూరం నుంచి తప్పు ఐపీ పెట్టారంటే ఆ దారి మూసుకుపోయినట్టే, ఎవరో ఒకరు సర్వర్ దగ్గరికి పరుగెత్తాల్సి రావచ్చు. అలాగే నెట్‌వర్క్ కార్డు సంగతులు చూపే ‘ఈథ్‌టూల్’ కొట్టినప్పుడు వేగం 1000 మెగాబిట్ల (గిగాబిట్) బదులు 100 చూపిస్తే, అనుభవం ఉన్నవాడు ముందు కేబుల్ మార్చి చూస్తాడు. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కు రెండు చాలు.

ఇక ఏఐ. ఆ రంగం మీద నాకు అనుమానం లేదు, మూడు నెలల కోర్సుల మీదే ఉంది. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ముట్టుకోకుండా, ఎవరో రాసిన కోడ్‌ను రన్ చేయించి సర్టిఫికెట్ ఇచ్చేవే నాకు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పిల్లలు తడబడతారు. పైగా పెద్ద ఏఐ మోడల్‌కు శిక్షణ ఇచ్చేది వరసగా కలిపిన సర్వర్లే. వాటిలో ఒక్క లింకు నెమ్మదించినా మిగతావన్నీ దానికోసం ఆగాలి. ఆ లింకు చూసే మనిషి అక్కడా కావాలి. మీవాడికి లెక్కలంటే నిజంగా ఇష్టమైతే ఏఐ వైపు తప్పకుండా వెళ్లనివ్వండి, కానీ ఆ మాట వాడి నోటి నుంచి రావాలి. మీ ఉత్తరంలో వాడికేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. లక్షన్నర లెక్క మాత్రం ఉంది!

పోల్చమన్నారు కాబట్టి చెబుతున్నా: సర్వర్ల పనిలో మొదటి జీతం తక్కువ, తరచూ కాంట్రాక్టు. సర్వర్లు ఉంచే డేటా సెంటర్ ఎంత పెద్దదైనా లోపల మనుషులు కొద్దిమందే. ఉత్త కమాండ్లు బట్టీ పట్టినవాడి పని స్క్రిప్టులు (కమాండ్లను వాటంతటవే నడిపే చిన్న ప్రోగ్రాములు) లాక్కుంటాయి కాబట్టి, వాటిని రాసే బాష్, పైథాన్ కూడా పట్టాలి. అయినా హైదరాబాద్‌లో 2022లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) కూడా మొదలైంది, ఈ పని తెలిసినవాళ్ల అవసరం పోదు. సర్టిఫికేషన్ పరీక్షల సంగతి మీవాడికి నాకంటే బాగా తెలిసుంటుంది.

ఓ గంట పక్కన కూర్చుని, ఆ స్క్రీన్ మీద ఒక్కో లైను మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే ఆరు నెలలు వదిలేయండి, ఉద్యోగం ఏదని రోజూ అడక్కండి. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి: ఈ పనిలో నైట్ షిఫ్టులుంటాయి, పండక్కి ఇంటికి రాలేని ఏళ్లూ ఉంటాయి. దానికి వాళ్లమ్మ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.