హైదరాబాద్ నుంచి అండమాన్: మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్ దాటకండి

ఉదయం హైదరాబాద్‌లో విమానం ఎక్కి, చెన్నైలో మారి, మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, అదే రోజు ఫెర్రీలో హావ్‌లాక్ దీవికి చేరుకోవచ్చా, చెన్నైలో గంటన్నర చాలుతుందా అని అడిగారు. టైమింగ్స్ చూస్తే కుదురుతుందనే అనిపిస్తుంది. నన్నడిగితే మాత్రం వద్దంటాను. ఆ రోజుకి విమానాలు తప్ప ఇంకేమీ పెట్టుకోకండి.

ముందు చెన్నై సంగతి. గంటన్నర చాలడం, చాలకపోవడం మీ టికెట్టును బట్టి ఉంటుంది. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని పోర్ట్ బ్లెయిర్ చేర్చే బాధ్యత విమాన సంస్థదే. లగేజీ కూడా నేరుగా వెళ్ళిపోతుంది. శంషాబాద్‌లో బ్యాగుకి కట్టిన ట్యాగు మీద ఐఎక్స్‌జెడ్ అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి, పోర్ట్ బ్లెయిర్ కోడ్ అది. కొంచెం డబ్బు మిగులుతుందని రెండు టికెట్లు విడివిడిగా కొన్నారనుకోండి, చెన్నైలో బెల్టు దగ్గర సామాను కోసం నిలబడి, బయటికొచ్చి, మళ్ళీ చెకిన్, మళ్ళీ సెక్యూరిటీ. పైగా అక్కడ దేశీయ విమానాలకే టీ1, టీ4 అని రెండు టెర్మినళ్ళున్నాయి. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సి వస్తే పెద్దవాళ్ళతో చాలా కష్టం. చెకిన్ కౌంటరేమో గంట ముందే మూసేస్తారు. మొదటి విమానం ఆలస్యంతో రెండో సంస్థకి సంబంధం లేదు, మీరు రాలేదనే రాసుకుంటారు. అలా విడివిడిగా కొంటే నాలుగు గంటలు ఉంచుకున్నా నాకు ధైర్యం చాలదు.

ఇక అసలు విషయం. పోర్ట్ బ్లెయిర్ మిగతా ఊళ్ళలాంటిది కాదు. టీవీలో "అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని వినగానే మనం కోస్తాలో వానల గురించి, కోతకొచ్చిన వరి గురించి ఆలోచిస్తాం. ఆ మబ్బు మన దాకా రాకముందే అక్కడి రన్‌వే మీద ఉంటుంది. అటు నైరుతి, ఇటు ఈశాన్యం, రెండు రుతుపవనాల వానలూ ఆ దీవుల మీద పడతాయి.

అమ్మానాన్నలతో మేం వెళ్ళింది నవంబరులో. చెన్నైలో సమయానికే బయలుదేరాం. సుమారు 1,370 కిలోమీటర్లు, రెండు గంటలకు పైగా కింద సముద్రం తప్ప ఇంకేమీ ఉండదు. మా పక్క వరసలో రాజమండ్రి నుంచి వచ్చిన కొత్త జంట ఉన్నారు. రెండింటికి ఫెర్రీ, సాయంత్రానికి హావ్‌లాక్, రాత్రి బీచ్ పక్కన కాటేజీ, అంతా బుక్ చేసేశామని ఆ అబ్బాయి అమ్మకి సంబరంగా చెప్పుకొచ్చాడు. విమానం కిందికి దిగింది. మబ్బుల సందులో పచ్చటి కొండ, దాని చుట్టూ తెల్లటి నురగ కనబడ్డాయి. చక్రాలు బయటికొచ్చిన చప్పుడు కూడా విన్నాం. అంతలో ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి విమానం మళ్ళీ పైకి లేచింది. కొంతసేపు చుట్లు తిరిగాక, వర్షంలో దిగడం వీలు కావడం లేదు, చెన్నై తిరిగి వెళ్తున్నామని కెప్టెన్ ప్రకటించాడు.

"అదేంట్రా, పక్కన ఇంకో ఊళ్ళో దింపొచ్చుగా?" అంది అమ్మ. పక్కన ఊరుంటే కదా! హైదరాబాద్‌లో వాన పడితే విజయవాడకో, బెంగళూరుకో మళ్ళిస్తారు. అక్కడ ప్రయాణికుల విమానం మళ్ళించుకోవడానికి దగ్గరలో ఏదీ లేదు. వెనక్కి చెన్నైకో, కోల్‌కతాకో రావాల్సిందే. తిరిగి రావడానికి సరిపడా ఇంధనం ఉంచుకోవాలి కాబట్టి ఎక్కువసేపు చుట్లు కొడుతూ ఎదురుచూడటమూ కుదరదు. పైలట్ తిప్పేశాడని కోప్పడినవాళ్ళు మా విమానంలో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవమే కలిగింది.

నా కోపమంతా చెన్నైలో దిగాక జరిగిన దాని మీద. విమానంలోనే కూర్చోబెట్టారు. మళ్ళీ వెళ్తామో లేదో ఎవరూ చెప్పరు. ఏసీ సరిగా లేదు. నాన్నకి షుగర్ ఉంది, తినడానికి ఏమైనా ఇవ్వండమ్మా అంటే ఒక చిన్న గ్లాసుడు నీళ్ళిచ్చారు. ఇంట్లో చేసిన చపాతీలు నా బ్యాగులో ఉండబట్టి సరిపోయింది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు పొడిగా ఉండే తిండి, మందులు తప్పకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి. పచ్చళ్ళు మాత్రం చెకిన్ లగేజీలో వేయండి, నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీలో ఆపేస్తారు. ఇంకో బాధ కూడా చెప్పాలి. ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో బోర్డింగ్ గురించి మైకులో పిలవడం లేదు. గేటు మారితే తెర మీద చూసుకోవాలి. చూపు సరిగా ఆనని డెబ్బై ఏళ్ళ మనిషి ఒంటరిగా ప్రయాణిస్తే ఆ తెర ఎవరు చదివి పెడతారు? వాళ్ళ కోసమైనా పిలవాలి కదా.

రెండోసారి బయలుదేరి పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి సాయంత్రం ఐదు కావస్తోంది, అప్పటికే చీకటి పడుతోంది. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు. మీ ప్లాన్‌లో "సాయంత్రం నాలుగు నుంచి బీచ్" అని రాసుకుని ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

మాకు ఆ రాత్రికి అక్కడే గది ఉంది. ఆ జంటకి లేదు. ఫెర్రీ వెళ్ళిపోయింది, కాటేజీవాళ్ళు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. విమాన సంస్థని అడిగి లాభం లేదు. వాతావరణం వల్ల వచ్చిన ఇబ్బందికి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఊరుకో తల్లీ, క్షేమంగా దిగాం, అది చాలు" అని అమ్మ దగ్గరికి తీసుకుంది. బయట ఆటో అతను మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వలస వచ్చాడట. అబర్దీన్ బజార్ దగ్గర ఆ ఇద్దరికీ గది చూపించి మరీ వెళ్ళాడు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు సుమారు 13 శాతం. అక్కడ మనం పరాయివాళ్ళం కాదు, కంగారుపడొద్దు.

మొదటి రోజే హావ్‌లాక్ పెట్టి ప్యాకేజీలు అమ్మేవాళ్ళ మీద నాకు చాలా కోపం. ఒక రాత్రి గది ఖర్చు తగ్గించి రేటు తక్కువగా చూపించడానికే అలా చేస్తారు. వానొస్తే నష్టపోయేది మీరు. పోర్ట్ బ్లెయిర్‌ని కేవలం దిగి ఎక్కే చోటుగా చూడటం కూడా నాకు నచ్చదు. సెల్యులార్ జైలు ఉన్న ఊరది. 1906లో పూర్తయిన ఆ జైల్లో ఒక్కో గది ముందు నిలబడి చూడాలి, ఫెర్రీకి టైమైపోతోందని పరుగెత్తుతూ కాదు.

బుక్ చేసేటప్పుడు పేర్లు చూసి తికమక పడకండి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అన్నారు. హావ్‌లాక్ 2018 డిసెంబరు నుంచే స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. ఫెర్రీ టికెట్టు రెండో రోజు ఉదయానికి తీసుకోండి. తిరుగు ప్రయాణంలోనూ విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చేయండి, సముద్రం బాగా లేకపోతే ఫెర్రీలూ ఆపేస్తారు. సెలవు నాలుగు రోజులే ఉంటే నీల్ వదిలేయండి, ఈ రెండు రాత్రులు మాత్రం వదలకండి.