పెరట్లో గంజాయి మొక్క: లా చదివే మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, దేవరకొండ నుంచి మీ మామ ఆశీస్సులు.

వాట్సాప్‌లో పంపిన ముసాయిదా మొత్తం చదివాను. కాలేజీ నమూనా అసెంబ్లీలో గంజాయిని చట్టబద్ధం చేసే బిల్లు నీకు పడిందని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. పడనియ్యి. ఎక్సైజ్‌లో పనిచేసి రిటైరైన నాకు ఇది కొత్త సబ్జెక్టు కాదు. నువ్వు దీనికి అనుకూలమా, వ్యతిరేకమా మామా అని అడిగావు. తాగినోణ్ని జైల్లో పెట్టడం దండగని నా నమ్మకం. దుకాణాలు తెరవడం మాత్రం మన దగ్గర వద్దంటాను. ఇక మిగిలింది ఇంట్లో పెంచుకోవడం. నీ డ్రాఫ్టులో అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది ఆ అధ్యాయమే, కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

మొదట పేరు మార్చు. 'తెలంగాణ గంజాయి నియంత్రణ చట్టం' అని పెట్టావు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కేంద్రానిది. అందులో 8వ సెక్షన్ సాగును, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధిస్తుంది. వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు తప్ప మినహాయింపు లేదు. 10వ సెక్షన్ కింద రాష్ట్రాలు సాగుకు అనుమతులు ఇవ్వగలవు గానీ ఆ గీత దాటి సరదా వాడకానికి ఇవ్వలేవు. 14వ సెక్షన్ కింద సర్కారు అనుమతిస్తే మాత్రం నారకు, విత్తనానికి పండించుకోవచ్చు. 2018లో ఉత్తరాఖండ్ పారిశ్రామిక హెంప్ (నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క) సాగుకు లైసెన్సు ఇచ్చింది ఆ దారిలోనే, అదీ మత్తు పదార్థం 0.3 శాతం దాటని రకానికే. కాబట్టి నువ్వు రాయాల్సింది కేంద్ర చట్టానికి సవరణ. ఇది తేల్చకుండా నిలబడితే ఎదుటి జట్టు మొదటి ప్రశ్నకే నిన్ను కూర్చోబెడుతుంది.

తర్వాత శిక్షలు చూడు. గంజాయి కిలో వరకు 'చిన్న పరిమాణం', ఇరవై కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. దగ్గర పెట్టుకున్నవాడికి ఈ మెట్లు ఉన్నాయి. మొక్క వేసినవాడికి లేవు. పెరట్లో ఒక్క మొక్కకైనా, పత్తి చేను నడుమ సాళ్లకు సాళ్లు వేసినా సెక్షన్ అదే, పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నీ బిల్లులో మొదట సరిచేయాల్సింది ఇదే, దాన్నే నువ్వు ముట్టుకోలేదు. ఇక తాగినందుకు 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దాన్ని తీసేసి జరిమానాతో సరిపెట్టు. చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి 64ఎ సెక్షన్ ఇప్పటికే రక్షణ ఇస్తోంది. అది మన ఊళ్లలో ఎవరికీ తెలియదు, స్టేషన్‌లో ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన బాధ్యత అధికారి మీద పెడుతూ ఒక వాక్యం చేర్చు.

ఇప్పుడు మొక్కల లెక్క. కొలరాడోలో ఉన్నట్టు మనిషికి ఆరు మొక్కలు అని రాశావు. మన ఇళ్లు గుర్తు తెచ్చుకో. అమ్మానాన్న, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు ఒకే వాకిట్లో ఉంటే ముప్పై ఆరు మొక్కలు. అది పెరడు కాదు, తోట. కొలరాడో వాళ్లకూ ఈ తలనొప్పి వచ్చింది. ఇళ్ల పేరుతో పెద్ద ఎత్తున పెంచి పక్క రాష్ట్రాలకు తరలిస్తుంటే 2018 నుంచి ఇంటికి పన్నెండు మించొద్దని హద్దు పెట్టుకున్నారు. కెనడా 2018 అక్టోబర్ 17న చట్టం అమల్లోకి తెచ్చినప్పుడే మనిషిని వదిలి ఇంటిని లెక్కించి, నాలుగు మొక్కలంది. మాల్టా, లక్సెంబర్గ్ కూడా ఇంటికి నాలుగే అన్నాయి. నువ్వూ ఇంటినే పట్టుకో. నన్నడిగితే రెండు చాలు.

అయితే ఇల్లంటే ఏమిటో బిల్లులో చెప్పాలి. రేషన్ కార్డు అని రాయకు. పథకాల కోసం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు కూడా కార్డులు విడగొట్టుకోవడం నీకు తెలియనిది కాదు. పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే ఇంటి నంబరు పెట్టు. ఆ నంబరు ఉన్న గోడల లోపలి జాగా మాత్రమే ఇల్లు, పట్టా భూమి కాదు అని విడిగా రాయి. లేకపోతే పత్తిలో, కందిలో అంతరపంటగా వేసినవాడు కూడా "ఇది నా పెరడే సార్" అంటాడు. చేన్లో దొరికితే ఇంకో చిక్కు ఉంది. పాసుబుక్కు ఒకరిది, సాగు కౌలుదారుడిది. ఎవరు వేశారో తేలేలోగా అరెస్టయ్యేది పాసుబుక్కులో పేరున్న ముసలాయనే. పట్టణంలో అద్దె ఇళ్లదీ అదే కథ, ఓనరు రాతపూర్వక ఒప్పుకోలు లేనిదే మొక్క వద్దను. పాలమూరు వైపు ముంబై, పుణెకు వలసపోయే కుటుంబాలను కూడా మర్చిపోకు. నెలల తరబడి ఇంట్లో ముసలివాళ్లూ పిల్లలే ఉంటారు. అనుమతి తీసుకున్న పెద్దమనిషి ఊళ్లో లేకపోతే అనుమతీ ఆగిపోవాలి.

మొక్కలు లెక్కపెట్టావు సరే, మరి కోత రోజు? దీని మీద కాస్త కూర్చుని ఆలోచించు. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లకు మూడు మొక్కల చొప్పున ఇచ్చింది, ఇంట్లో మనిషికి యాభై గ్రాములకు మించి ఎండు సరుకు ఉండకూడదంది. బయట ఎండలో బాగా ఎదిగిన ఒక్క మొక్కే ఆ యాభై గ్రాములు దాటించగలదు. అంటే చట్టం ఇచ్చిన మొక్కను చట్టం చెప్పినట్టే పెంచినవాడు కోసిన రోజు నేరస్థుడవుతాడు, మిగిలింది పారబోస్తే తప్ప. మన నల్లగొండ ఎండకు ఆ మొక్క ఎంత ఎదుగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. 2013లోనే చట్టం చేసిన ఉరుగ్వే దీన్ని తెలివిగా ఆలోచించింది. ఇంటికి ఆరు మొక్కలు, ఏడాదికి మొత్తం 480 గ్రాములు. నువ్వు కూడా ఏడాది లెక్కే పెట్టు. అంకె ఎంతైనా మొక్కల సంఖ్యకూ దానికీ పొంతన ఉండాలి. ఆకు, కాడ తూకంలోకి రావని కూడా రాయి. ఇప్పటి చట్టంలోనే పూత లేని ఒట్టి ఆకు గంజాయి కిందికి రాదు. కోర్టుల్లో ఎన్నో కేసులు ఈ తూకం దగ్గరే తిరుగుతుంటాయి.

మన జిల్లాల్లో దీనికి దగ్గరి అనుభవం కల్లుది. తాళ్లకు, ఈదులకు నంబర్లు వేసి, ఆ నంబర్లు లైసెన్సులో రాసి లెక్క చూసేవాళ్లం. గీత కార్మికుడికి విడిగా ఇచ్చేది ఒక పద్ధతి, సొసైటీకి ఇచ్చేది ఇంకో పద్ధతి. ఈ అనుభవం చూసి 'ప్రతి మొక్కకు ట్యాగు' అని నువ్వూ రాసినట్టున్నావు. తాడిచెట్టు మన తాతల కాలం నుంచి అక్కడే ఉంటుంది. గంజాయి ఒక్క సీజను మొక్క. అది పోయి ఇంకోటి వస్తే ట్యాగు మార్చడానికి ఎవరొస్తారు? మండలంలో సిబ్బంది ఎంతమందో నాకు తెలుసు. ట్యాగు ఇంటికి కట్టు, మొక్కకు వద్దు.

నువ్వు ముచ్చటపడి రాసిన 'సాగు క్లబ్బు' గురించీ కల్లు సొసైటీలే చెప్తాయి. జర్మనీలో క్లబ్బుకు అయిదు వందల మంది దాకా సభ్యులు, ఉరుగ్వేలో పదిహేను నుంచి నలభై అయిదు మంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. మన దగ్గర గీత సొసైటీలు చాలాచోట్ల పేరుకే గీత కార్మికులవి, వెనక పెట్టుబడి పెట్టి నడిపేవాడు కాంట్రాక్టరు. క్లబ్బు పెట్టాలనుకుంటే ఉరుగ్వే అంత చిన్నదే పెట్టు, సభ్యులంతా ఒకే ఊరివాళ్లు ఉండాలను, గుత్తకు ఇస్తే రద్దని రాయి. నన్నడిగితే మొదటి అయిదేళ్లు క్లబ్బులే వద్దు.

కల్తీ సంగతి ఇంకా పెద్దది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటును పూడ్చింది క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం. మహబూబ్‌నగర్ జిల్లాకు కల్తీ కల్లు తెచ్చిన చెడ్డపేరు నీకు తెలిసిందే. కల్తీ మీద గట్టిగా దాడులు చేసిన వారంలో చేతులు వణుకుతూ, మూర్ఛలు వస్తూ జనం ఆస్పత్రులకు క్యూ కట్టేవాళ్లు. అలవాటు చేసింది కల్లు కాదు, అందులో కలిపిన మందు. అమ్మకం ఉన్నచోట సరుకు తక్కువపడితే ఏదో ఒకటి కలుపుతారు. ఇంట్లో పెంచుకోవడానికి నేను సరేననడానికి పెద్ద కారణం ఇదే. తన మొక్కలో ఏముందో వాడికి తెలుస్తుంది, కలపాల్సిన అవసరమూ ఉండదు. అందుకే అమ్మితే మాత్రం కఠినంగా ఉండు. చిన్న పొట్లమైనా, "దోస్తుకిచ్చా, పైసలు వాడే ఇచ్చాడు" అన్నా అమ్మకమే.

దుకాణాలు ఎందుకు వద్దంటానో కూడా చెప్తా. లైసెన్సు ఒక దుకాణానికి ఇస్తాం, ఊరూరా బెల్టు షాపులు మొలుస్తాయి. సర్కారుకు ఆదాయం రుచి తగిలితే ఇక ఆపడం కష్టం. మద్యం దుకాణం కోసం 2025లో ఒక్క దరఖాస్తుకే మూడు లక్షలు తీసుకున్నారు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. నీ డ్రాఫ్టులో 'ఆదాయం' అనే అధ్యాయం ఉంది, తీసెయ్యి. ఇంటి అనుమతికి నామమాత్రపు రుసుము చాలు. అలాగని పూర్తి నిషేధమే మందని కూడా నేను అనను. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చి 1997లో ఎత్తేశారు. ఆ మధ్యలో గుడుంబా ఎలా పెరిగిందో మీ నాన్ననడుగు.

పాత రికార్డు ఒకటి వెతికి చదువు. బ్రిటిష్ వాళ్లు 1893-94లో వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదిక. మితంగా వాడితే పెద్ద హాని లేదంటూ పూర్తి నిషేధం వద్దంది. కానీ సాగు మాత్రం లైసెన్సు ఉన్నచోటే జరగాలంది, దుకాణాల సంఖ్యకు హద్దు పెట్టమంది. వాడకానికి ఊ కొట్టి, ఇష్టం వచ్చినచోట సాగుకు ఊహూ అంది. ఎదుటి జట్టు దాన్ని సగమే చెప్తుంది, మిగతా సగం నీ దగ్గర ఉండాలి. థాయిలాండ్ సంగతీ చూడు. 2022 జూన్‌లో నిషేధ జాబితా నుంచి తీసేశారు, నియంత్రించే చట్టం మాత్రం చేయలేదు. వేల దుకాణాలు వెలిశాక 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాల్సిందే అన్నారు. నీ బిల్లులో నిబంధనలు అమల్లోకి వచ్చాకే మినహాయింపు మొదలయ్యేలా తేదీలు పెట్టుకో.

వయసు ఇరవై ఒకటి, మన రాష్ట్రంలో మద్యానికి ఉన్నదే. పిల్లలకు అందకుండా తాళం, బడి దగ్గర వద్దు, ఇవి నువ్వు బాగానే రాశావు. డ్రైవింగ్ గురించి ఒక్క ముక్క. జర్మనీ రక్తపు సీరంలో గంజాయి మత్తు పదార్థం మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములని హద్దు పెట్టింది. మన హైవే మీద ఊదించే మిషను మద్యాన్ని పడుతుంది, గంజాయిని పట్టదు. పరీక్ష ఎక్కడ, ఎవరు చేస్తారో రాయకుండా అంకె ఒక్కటే రాయకు. ప్రతి శాంపిలూ హైదరాబాద్ రెడ్‌హిల్స్ ల్యాబుకు పోవాలంటే ఆ కేసు నీ పెళ్లయ్యేదాకా నడుస్తుంది.

రవాణా దగ్గర మెత్తబడకు. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకుకు 65వ నంబరు హైవే పాత దారి. 2021 అక్టోబర్‌లో నల్లగొండ పోలీసులు దాని వేరు వెతుక్కుంటూ విశాఖ ఏజెన్సీ దాకా పోయారు, లంబసింగి దగ్గర కాల్పులు కూడా జరిగాయి. ఎండిన తర్వాత ఇంటి మొక్కదీ, ఏజెన్సీలోని సీలేరు నుంచి వచ్చిన సరుకుదీ తేడా ఎవరూ చెప్పలేరు. జర్మనీ ఇరవై అయిదు గ్రాములు, కెనడా ముప్పై గ్రాములు జేబులో పెట్టుకోనిస్తాయి. మన దగ్గర అంత ఇస్తే హైవే మీద ప్రతి సంచీ 'ఇంటి సరుకే' అవుతుంది. ఇంటి గడప దాటకూడదని రాయి. దాటినవాడి దగ్గర కొంచెమే ఉంటే జరిమానా వేసి, సరుకు తీసుకుని వదిలేయమను. పట్టుకునే అధికారి అక్కడికక్కడే తూకం వేసి, ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాయాలి. తూకం స్టేషన్‌కు పోయాక వేస్తే అది ఎంతకైనా పెరగొచ్చు.

ఊళ్లో చూసేదెవరన్నది నువ్వు వదిలేశావు. ఇప్పటి చట్టం 47వ సెక్షన్ కింద దొంగ సాగు గురించి చెప్పాల్సిన బాధ్యత సర్కారు అధికారులు, సర్పంచ్‌లతో పాటు గ్రామాధికారి మీద కూడా పెట్టింది. మన దగ్గర 2020లో వీఆర్వోలనే తీసేశారు, 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. మధ్యలో గ్రామాధికారి వంతు బాధ్యత ఎవరిదో ఎవరికీ పట్టలేదు. కాబట్టి హోదా పేరు రాయకుండా 'గ్రామ రెవెన్యూ బాధ్యతలు చూసే అధికారి' అని రాయి. అనుమతి పుస్తకం మాత్రం పంచాయతీ దగ్గర వద్దు. ఎలక్షన్లు వస్తే ఎవరి పెరట్లో మొక్క ఉందో మైకులో చదువుతారు. ఎక్సైజ్ స్టేషన్‌లో ఉంచు, సోదాకు మాత్రం వారెంటు కావాలను. అనుమతి తీసుకున్నంత మాత్రాన ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండక్కర్లేదు.

చివర్లో పాత కేసుల అధ్యాయం ఒకటి చేర్చు, అది నీ డ్రాఫ్టులో అసలే లేదు. కేవలం తాగినందుకు కేసులైన పోరగాళ్లు పాస్‌పోర్టు దగ్గర, కానిస్టేబుల్ వెరిఫికేషన్ దగ్గర ఇరుక్కుపోయి ఉన్నారు. కొత్త చట్టం కింద నేరం కాని పనికి పాత శిక్ష రికార్డులో ఉండకూడదు. కెనడా 2019లో సొంతానికి దగ్గర పెట్టుకున్న కేసుల్లో ఫీజు లేకుండా క్షమాభిక్ష దరఖాస్తుకు దారి ఇచ్చింది. నువ్వు దరఖాస్తు కూడా అడగకు. కోర్టే తీసేయాలని రాయి, ఎందుకంటే మన తండాల నుంచి దరఖాస్తు పట్టుకుని జిల్లా కోర్టుకు ఎవరూ రారు.

దసరాకు వచ్చేటప్పుడు మార్చిన డ్రాఫ్టు ప్రింటు తీసి పట్టుకురా, ఫోనులో చదవలేకపోతున్నా. పక్కన ఖాళీ వదిలి ప్రింటు తియ్యి, రాసేది ఇంకా ఉంది.

మీ మామ