వెదురు బొంగులూ రాగి కట్టూ

అమ్మాయీ,

ద్రవ స్ఫటికాలుగా మారే షిఫ్ బేస్ లోహ సంక్లిష్టాల మీద, అంటే లోహాన్ని పట్టుకున్న కర్బన అణువుల మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. తప్పులు లేవు. కానీ మొదటి పేరా నిర్వచనం, రెండోది టీవీ తెర, మూడోది ఫార్ములా. పదార్థమే ఎక్కడా కనబడలేదు.

ముందు దాన్ని చూపించు. గాజు పలక మీద చిటికెడు పొడి, పైన పల్చటి గాజు, మైక్రోస్కోపు కింద చిన్న హీటర్. పొడి కరిగి మామూలు ద్రవమైతే, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల (ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే పోనిచ్చే పలకల) మధ్య అంతా చీకటే. ద్రవ స్ఫటికమైతే మాత్రం రంగులు మెరుస్తాయి. పై గాజును సూదితో నొక్కితే ఆ రంగులు జారతాయి. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తికమకపడ్డదీ ఇలాంటి దానితోనే. ఆయన కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా కరిగి, 178.5 దగ్గర తేటపడింది.

పోలికలతో జాగ్రత్త. కొత్తలో నేను 'సగం కరిగిన ఐస్ లాంటిది' అని రాసి ఒక కెమిస్ట్రీ మాస్టారి చేత చీవాట్లు తిన్నాను. ఐసూ నీళ్లూ అంటే రెండు. ద్రవ స్ఫటికం మొత్తం ఒకటే స్థితి. గోదావరిలో కొట్టుకొచ్చే వెదురు బొంగులను తలుచుకో. కదులుతూనే ఉంటాయి, అయినా దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి.

ఇక లోహం. ఆల్డిహైడూ అమీనూ అనే రెండు రకాల కర్బన పదార్థాలు కలిసి ఒక నీటి అణువును వదిలేస్తే షిఫ్ బేస్. తేమ తగిలితే అది మళ్లీ విడిపోగలదు. 1969లో వచ్చిన ఎంబీబీఏ అనే షిఫ్ బేస్ గది వేడిమి దగ్గరే ద్రవ స్ఫటికం, కానీ దానికీ ఈ జబ్బు ఉంది. షిఫ్ బేస్‌ను సాలిసైలాల్డిహైడ్ అనే ఆల్డిహైడ్‌తో చేసినప్పుడు అందులోని ఆక్సిజనూ నైట్రోజనూ కలిసి రాగిని పట్టుకుంటాయి, రెండు బొంగుల్ని నడుమ కట్టేసినట్టు. రాగిలోని జతలేని ఎలక్ట్రాన్ వల్ల దానికి అయస్కాంత గుణమూ వస్తుంది. రాగికి బదులు నికెల్‌ను చదునుగా కూర్చోబెడితే ఆ గుణం ఉండదు.

కట్టిన పాపానికి కరిగే వేడి పెరుగుతుంది. చాలావాటిలో తేటపడే లోపే పొడి మాడుతుంది. దాన్ని తప్పించడానికే చివర పొడవాటి కార్బన్ తోకలు తగిలిస్తారు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఈ పోరు నాలుగు పేరాలకు సరిపోతుంది.

ఎల్లుండి ల్యాబుకు వెళ్తున్నావుగా. మాడిన స్లైడు కనిపిస్తే, ఏ డిగ్రీ దగ్గర మాడిందో, ఏ రంగుకు తిరిగిందో అడిగి రాసుకుని రా.

ఆశీస్సులతో.