మిక్సీ, కుక్కర్ సర్దే ముందు అడుగున స్టిక్కర్ చదవండి

ఆగస్టు దగ్గర పడుతోందంటే చదువుకు అమెరికా వస్తున్న గుంటూరు పిల్లల నుంచి ఇక్కడున్న నాకు ఇదే ప్రశ్న: "అన్నా, అమ్మ మిక్సీ, రైస్ కుక్కర్ రెండూ సర్దేసింది, అమెరికాలో పనిచేస్తాయా?" బ్రాడీపేటలో మా అమ్మ కూడా అలాగే కారం డబ్బా పక్కన కొత్త కుక్కర్ పెట్టి పంపింది. అందుకే లెక్కతో సహా చెబుతున్నా.

వస్తువును బోర్లించి అడుగున స్టిక్కర్ చూడండి. మా కుక్కర్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క), 700 వాట్లు అని ఉండేది. ఇక్కడ గోడలో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు వస్తుంది, 700 బై 230 అంటే సుమారు 3 ఆంపియర్లు. ఇప్పుడు వోల్టులను ఆ ఆంపియర్లతో భాగించండి, సుమారు 76 ఓములు, అది లోపలి కాయిల్ నిరోధం. టెన్త్‌లో చదివిన ఓమ్ సూత్రమే. విమానం ఎక్కినా ఆ 76 ఓములు మారవు, మారేది వోల్టేజీ. 120ని 76తో భాగిస్తే 1.6 ఆంపియర్ల లోపే, దాన్ని మళ్లీ 120తో గుణిస్తే 190 వాట్లు. వోల్టులు సగమైతే పవర్ సగం అవుతుందనుకుంటారు చాలామంది, కానీ కరెంటు కూడా సగమవుతుంది కాబట్టి పవర్ పావుకు పడిపోతుంది. వచ్చిన మొదటి రాత్రి గంటన్నర చూశాను, గిన్నె అడుగు వెచ్చబడింది, బియ్యం నానాయి, అంతే. పస్తు పడుకున్నాను.

ఇటునుంచి అటు తీసుకెళితే ఇంకా ప్రమాదం, దయచేసి ఇది గుర్తుంచుకోండి. అమ్మ కోసం ఇక్కడ కొన్న 1200 వాట్ల ఇస్త్రీపెట్టె గుంటూరు పట్టుకెళ్లాను. 120 వోల్టుల మీద అది 10 ఆంపియర్లు, అంటే 12 ఓములు. అదే 230 మీద పెడితే 19 ఆంపియర్లు, 4400 వాట్లు! పిన్ను మార్చే అడాప్టర్ ఉంది కదా అని పెట్టాం. నిమిషం తిరక్కుండానే కాలిన వాసన, అమ్మ చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీని మార్చదు.

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు టెన్షన్ అక్కర్లేదు, వాటి మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే చాలు.

మిక్సీ సంగతి వేరు. అందులో ఉన్నది మోటారు, కాబట్టి నిరోధం లెక్క దానికి అచ్చంగా పనిచేయదు, పైగా ఆన్ చేసిన క్షణంలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. 750 వాట్ల మిక్సీకి 120 నుంచి 230కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కనీసం 1500 వాట్లది కావాలి, అది చాలా బరువు. నా మాట వింటే ఇక్కడ దొరికే 110-120 వోల్టుల మన మిక్సీయే కొనుక్కోండి. గ్రైండర్ అయితే అసలు తేకండి, వోల్టేజీ సరిచేసినా 60 హెర్ట్జ్ అలాగే ఉంటుంది, దానిలోని ఇండక్షన్ రకం మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది కాబట్టి ఉండాల్సిన దానికంటే దాదాపు 20 శాతం వేగంగా తిరుగుతుంది. ఆ చోటులో అమ్మను ఇంకో రెండు కిలోల కారం పెట్టమనండి.