సక్షన్ బకెట్ ఇసుకలో దిగడం: సాఫ్ట్‌వేర్ ముందా, ట్యాంకు ముందా?

సముద్రంలో గాలిమరల కింద వేసే సక్షన్ బకెట్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నానని, సాఫ్ట్‌వేర్‌లో అది సగం దిగేసరికే మెష్ (లెక్క కోసం మట్టిని విడగొట్టిన చిన్న గళ్ల వల) చెదిరిపోతోందని, ట్యాంకులో చిన్న నమూనా చేస్తే నయమా అని అడిగారు. ముందు ట్యాంకే చేయండి. వైజాగ్‌లో ఎంటెక్ చదివేటప్పుడు నాదీ ఇదే ప్రాజెక్టు.

బకెట్ అంటే బోర్లించిన స్టీలు డ్రమ్ము. సొంత బరువుతో కొంత దిగుతుంది. తర్వాత లోపలి నీళ్లు పంపుతో లాగితే, బయటి నీటి ఒత్తిడి మూతను కిందికి నొక్కుతుంది. ఇసుకలో ఇంకో మేలుంది. బయటి నీరు గోడ అంచు కింద నుంచి తిరిగి లోపలికి ఊరుతుంది, దాంతో అంచు దగ్గర ఇసుక పట్టు సడలుతుంది. బంకమట్టిలో ఈ ఊట ఉండదు, ఆ లెక్కే వేరు.

నా బకెట్ 20 సెంటీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు. ల్యాబ్‌లోని వాక్యూమ్ పంపు తగిలించాను. నిమిషం తిరక్కుండానే లోపలి ఇసుక తుకతుక ఉడికినట్టు పొంగి మూతకు తగిలింది. ఇంకా నాలుగు వేళ్ల లోతు దిగాల్సి ఉండగా బకెట్ ఆగిపోయింది. నెల రోజులు ఇదే తంతు, ఒకటే టెన్షన్.

సెలవుల్లో ఊళ్లో బావికి ఒరలు దింపుతుంటే చూశాను. మోటారుతో నీళ్లు గబగబా తోడితే అడుగు నుంచి ఇసుక తోసుకొస్తుందని, మేస్త్రీ కొంచెం కొంచెంగా తోడిస్తున్నాడు. నా తప్పు అక్కడ తెలిసింది. నా బకెట్ పూర్తిగా దిగినా ఇసుక తట్టుకునేది 2 కిలోపాస్కల్స్‌కి కాస్త పైన, అంటే పాతిక సెంటీమీటర్ల లోపు నీటి మట్టం తేడా. దానికి వాక్యూమ్ పంపు ఎందుకు?

పంపు తీసేసి సైఫన్ గొట్టం పెట్టాను. గొట్టం చివర ఎంత కిందికి దించితే అంత మట్టం తేడా. బకెట్ దిగిన లోతుకు మించి ఆ తేడా పెంచకుండా, మూత మీద కొద్దిగా బరువు పెట్టి దింపాను. పొంగకుండా దాదాపు చివరిదాకా దిగింది. ఆ రోజు ల్యాబ్‌లో పొందిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

భీమిలి వైపు ఇసుకైతే అందులో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. విశిష్ట సాంద్రత 2.65 అనుకోకుండా కొలవండి. ట్యాంకులో నీళ్లు అడుగు నుంచి మెల్లగా ఎక్కించండి, ఇసుకలో గాలి చిక్కుకుంటే ఊట లెక్క తప్పుతుంది. ఇంత తక్కువ ఒత్తిడిలో ఇసుక అసలు సముద్రంలో కంటే గట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి, కొలిచిన బలాలను పెద్ద బకెట్‌కు నేరుగా హెచ్చవేయకండి.

సాఫ్ట్‌వేర్‌లో గోడను ఒకేసారి కిందిదాకా నెట్టకండి. గోడను ఒక్కో లోతులో నిలిపి ఊట మాత్రమే లెక్కకట్టండి, వచ్చిన నీటి ఒత్తిడి వాలుతో (ఊట దారిలో ఒత్తిడి ఎంత వేగంగా తగ్గుతోందో దానితో) గోడ అంచుకు ఇసుక ఇచ్చే నిరోధం చేత్తో లెక్కించండి. సీఈఎల్ (కపుల్డ్ ఆయిలేరియన్-లగ్రాంజియన్, అంటే మట్టి కదిలినా గళ్లు కదలని) పద్ధతిలో మెష్ చెదరదు గానీ, అది ఇసుకలోని ఊటను తనంతట తాను లెక్కించదు.

మీ బకెట్ వ్యాసం, గోడ మందం, బరువు రాయండి. సొంత బరువుతో ఎంత దిగుతుందో ముందు చూద్దాం.