టెక్ సందేహాలు: వికీలో రాయాలంటే అసలు పేరు ఇవ్వాలా?

సందేహం: మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లుగా జకార్తాలో ఉంటున్నాం. పక్కింటి ఇండోనేషియా ఆవిడ వికీపీడియాలో రాస్తుంటారు. ఈమధ్య నన్నూ ఒక ‘వికీలతిహ్’ శిక్షణకు తీసుకెళ్లారు. రోహానా కుదూస్ గురించి తెలుగులో రాద్దామని అనువాద పరికరం తెరిస్తే, ఆమె కాస్తా ‘అతను’ అయిపోయింది. ఎందుకిలా? అసలు పేరు, ఫొటో బయటపెట్టకుండా రాయొచ్చా? ఇండోనేషియా మహిళల వివరాలు ఎన్ని ఎక్కాయో లెక్క తెలుస్తుందా?

జవాబు: మంచి మనిషిని ఎంచుకున్నారు. 1884లో పశ్చిమ సుమత్రాలోని కోటో గడాంగ్‌లో పుట్టిన రోహానా, 1911లో ఆ ఊళ్లోనే ఆడపిల్లలకు చేతిపనుల బడి పెట్టారు. మరుసటేడు పడాంగ్‌లో ‘సున్‌టింగ్ మెలాయు’ అనే స్త్రీల పత్రికకు సంపాదకురాలయ్యారు. 2019లో ఆమెను ఇండోనేషియా జాతీయ వీరుల జాబితాలో చేర్చారు. అలాంటి మనిషిని యంత్రం మగవాడిని చేసేస్తే మీకు మనసొప్పకపోవడం న్యాయమే.

ఇండోనేషియా భాషలో ‘దియా’ అంటే అతనూ కావచ్చు, ఆమే కావచ్చు. క్రియ చివర కూడా ఆడామగా తేడా ఉండదు. మన తెలుగులో ‘పెట్టాడు’, ‘పెట్టింది’ అని తేల్చి చెప్పాలి. మూలంలో ఆ సంగతి లేనప్పుడు యంత్రం ఊహిస్తుంది, ఆ ఊహ చాలాసార్లు మగవాళ్ల వైపే మొగ్గుతుంది. పైగా తెలుగు వికీలో ఏకవచనంలో రాయడం పద్ధతి, ‘పెట్టారు’ అని తప్పించుకోవడానికీ లేదు. కాబట్టి ప్రచురించే ముందు ప్రతి వాక్యం చివరి మాట చూసుకోండి. పైన ‘అతను’ను ‘ఆమె’ చేసి, కింద ‘నడిపాడు’ను అలాగే వదిలేసిన వ్యాసాలు నేను చాలా చూశాను.

ఇక పేరు సంగతి. కలంపేరు చాలు, అసలు పేరు ఎవరూ అడగరు. అయితే మొదటి రోజే ఆలోచించి పెట్టుకోండి. తర్వాత మార్చుకోవచ్చు గానీ, చర్చా పేజీల్లో చేసిన పాత సంతకాలు అలాగే మిగిలిపోతాయి. ఈమెయిల్ ఇవ్వడం తప్పనిసరి కాదు, కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే అదే దిక్కు, కాబట్టి ఇవ్వండి. వికీ ద్వారా మీకు ఎవరైనా మెయిల్ పంపితే మీ చిరునామా వాళ్లకు కనబడదు. మీరు తిరిగి జవాబిస్తే మాత్రం తెలిసిపోతుంది. విసిగించేవాళ్లుంటే ఖాతా సెట్టింగ్స్ ఉండే ‘అభిరుచులు’లోకి వెళ్లి వాళ్ల మెయిళ్లను ఆపేయొచ్చు.

నాకు ఎక్కువ భయం ఫొటోల దగ్గరే. ఇంట్లో వండిన రెండాంగ్ కూరను ఫోన్‌తో తీసి, వికీపీడియాకు ఫొటోల భండారమైన కామన్స్‌లో పెట్టారనుకోండి. పేజీ అడుగున మెటాడేటా (ఫొటోతో పాటే ఫోన్ రాసుకునే వివరాలు) పట్టికలో, లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే, మీ వంటగది అక్షాంశ రేఖాంశాలు అందరికీ కనిపిస్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేశాకే తీయండి. అక్కడివాళ్లు ‘కోప్‌దార్’ అనే ముఖాముఖి కలయికల్లో గ్రూప్ ఫొటో తీస్తుంటే, ఇష్టం లేకపోతే ముందే చెప్పి పక్కకు జరగండి. స్వేచ్ఛా లైసెన్సుతో ఒకసారి ఎక్కిన ఫొటోను వ్యాపారానికి సహా ఎవరైనా వాడుకోవచ్చు, ఆ లైసెన్సును వెనక్కి తీసుకోలేం. ఇది మొహమాటపడే చోటు కాదు.

లెక్కలో రెండు వేర్వేరు సంగతులున్నాయి: రాసేవాళ్లలో ఆడవాళ్లెందరు, వ్యాసాలకెక్కిన ఆడవాళ్లెందరు. మొదటిది ఖాతాలను చూసి చెప్పలేం. ‘అభిరుచులు’లో ఆడో మగో చెప్పే చోటుంది గానీ అది బహిరంగం, నింపకపోయినా నడుస్తుంది. అందుకే సర్వేలే ఆధారం. 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ప్రపంచవ్యాప్తంగా చేసిన సర్వేలో నూటికి సుమారు 9 మందే మహిళలని తేలింది.

రెండోది మీరే లెక్కపెట్టొచ్చు. వికీల సమాచార భండారం వికీడేటాలో ప్రతి లక్షణానికీ ‘పీ’ (P) సంఖ్య, ప్రతి అంశానికీ ‘క్యూ’ (Q) సంఖ్య ఉంటాయి. దాన్ని ప్రశ్నలడిగే వికీడేటా క్వెరీ సర్వీస్ తెరిచి పీ31కి క్యూ5 అంటే మనిషి, పీ27కి క్యూ252 అంటే ఇండోనేషియా పౌరసత్వం, పీ21కి క్యూ6581072 అంటే స్త్రీ అని ఇవ్వండి. జాబితా వచ్చేస్తుంది. దానికి తెలుగు వికీ లింకు షరతు కూడా కలిపితే, తెలుగులో వ్యాసం ఉన్నవాళ్లే మిగులుతారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుంటే, రోహానా తర్వాత ఎవరి గురించి రాయాలో వెతుక్కోనక్కర్లేదు.