అద్దంలో ఊరు, ఫొటోలో మీ ఇల్లు

ప్రశ్న: నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ఒక పాత కాంప్లెక్సుకు ముందంతా నీలం అద్దాలే. సాయంత్రం వాటిలో టవరూ కరెంటు తీగలూ వంకర్లు తిరిగి కనబడతాయి. దగ్గరికి వెళ్లి తీస్తే అద్దం మీది దుమ్ము స్పష్టంగా వస్తోంది, టవర్ మసకబారుతోంది. ఈమధ్య అప్‌డేట్ తర్వాత ఆ వంకర్లు కూడా నున్నగా అయిపోతున్నాయి. ఫోను పాడైందా? ఆరు ఫొటోలు ఈమెయిల్‌లో పంపుతున్నాను.

జవాబు: పాడవలేదు. ప్రతిబింబం అద్దం మీద ఉండదు. టవర్ అద్దానికి ఎంత దూరంలో ఉంటే, బొమ్మ అద్దం వెనక అంత లోతున ఉన్నట్టు లెక్క. మీరు మీటరు దూరంలో నిలబడి, టవర్ 40 మీటర్ల దూరంలో ఉంటే ఫోకస్ 41 మీటర్లకు కుదరాలి. ఫోనేమో ఎదురుగా ఉన్న దుమ్మును పట్టుకుంటుంది. పదిహేను అడుగులు వెనక్కి వచ్చి, తెర మీద టవర్ అంచును వేలితో నొక్కి పట్టుకోండి. లెన్సు ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, అది ప్రతిబింబాన్నే తగ్గించేస్తుంది.

వంకర్ల సంగతికి వస్తే నాకు కోపం వస్తుంది. పాత భవనంలో ఒక్కో పలక ఒక్కో తీరుగా ఒరిగి ఉంటుంది. పలక ఒక డిగ్రీ ఒరిగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు జరుగుతుంది. అందుకే అతుకు దగ్గర టవర్ రెండు ముక్కలవుతుంది. మీరు తీయాలనుకున్నది సరిగ్గా ఆ విరుపునే. దాన్ని లోపంగా లెక్కగట్టి, మనల్ని అడగకుండా సరిదిద్దే అప్‌డేట్‌ను మెరుగుదల అనడానికి నాకు మనసొప్పదు. సెట్టింగుల్లో సీన్ మెరుగుదలను ఆపేయండి. ప్రో మోడ్ ఉంటే రా (RAW) ఫైలుగా, అంటే ఫోను దిద్దని ముడి ఫైలుగా తీయండి.

అసలు భయం వేరే ఉంది. మీరు పంపినవి ఒరిజినల్ ఫైళ్లు. ప్రతిదానిలో తీసిన సమయం, అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే చాలు, దాదాపు 11 మీటర్ల తేడాతో చోటు తెలిసిపోతుంది. ఆరో ఫొటో మీ ఇంటి డాబా మీద తీసింది. మూడోదాంట్లో, అద్దం కింది మూలన, మీ ముఖమూ పక్కనున్న బండి నంబరూ చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. 2019లో జపాన్‌లో ఒకడు, ఒక యువ గాయని సెల్ఫీలో ఆమె కంటిపాపలో కనిపించిన రైల్వే స్టేషన్‌ను బట్టి ఆమె ఉండే చోటు కనిపెట్టి దాడి చేశాడు. అద్దాల గోడ కంటిపాప కంటే ఎంత పెద్దదో ఆలోచించండి.

కెమెరాకు లోకేషన్ అనుమతి ఈరోజే తీసేయండి. మెసేజీల్లో డాక్యుమెంటుగా పంపితే ఈ వివరాలన్నీ వెంట వెళతాయని మరవకండి. మీ ఆరు ఫొటోలనూ నేను చెరిపేశాను. ఇంకెవరికి పంపారో గుర్తు చేసుకుని వాళ్లనూ చెరిపేయమనండి.